సంతోషం ఎవరి చేతి వంట?

మా బడిలో ఐదో తరగతి పిల్లలకు ఒకరోజు చిన్న పని ఇచ్చాం. "సంతోషం అంటే ఏమిటి? ఒక్క వాక్యంలో రాయండి" అన్నాం. పెద్ద పెద్ద తత్వవేత్తలు పుస్తకాలకు పుస్తకాలు రాసి కూడా తేల్చని సంగతిని పదేళ్ల పిల్లల చేత ఒక్క వాక్యంలో తేల్పించాలనుకోవడం పంతుళ్లకే చెల్లుతుంది. పిల్లలు మాత్రం ఏమీ కంగారు పడలేదు. "వాన ఎక్కువ పడి బడి లేకపోతే సంతోషం" అని ఒకడు రాశాడు. నిజాయితీకి మార్కులు వేశాం. "మధ్యాహ్నం గుడ్డు పెట్టే రోజు సంతోషం" అని ఇంకొకడు. "మా మేక ఈనితే సంతోషం" అని మరొకడు. "మా నాయన సంతకు పోయి తాగకుండా వస్తే సంతోషం" అని ఒక పాప రాసింది. చివరి వరుసలో కూర్చునే ఒక పిల్ల ఉంది, ఎక్కువ మాట్లాడదు. ఆ పిల్ల ఇలా రాసింది: "మా అమ్మ కూచుని అన్నం తింటే సంతోషం."

ఎర్ర కలం పట్టుకుని చాలాసేపు ఆ పలక దగ్గరే ఆగిపోయాం. దిద్దడానికి ఏమీ దొరకలేదు.

సాయంత్రం ఇంటికెళ్లి అన్నం తింటూ ఈ సంగతి చెప్పాం. "అంత చిన్నపిల్ల ఎంత గొప్ప మాట రాసిందో చూడు" అన్నాం. మా ఇంటావిడ విని, "అవును బావా, మంచి మాట రాసింది. చారు పోయమంటావా?" అంది. అప్పుడు తలెత్తి చూశాం. ఆమె నిలబడి ఉంది.

చదివేవాళ్లకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. పాఠం చెప్పింది ఒక్కడు, ఇంటికొచ్చి తిన్నది ఒక్కడు, మరి "మేము" అంటాడేమిటి అని. రాసేవాళ్లకు ఇది పాత అలవాటు. కాస్త వినయంగానూ ఉంటుంది, కాస్త పెద్దరికంగానూ ఉంటుంది. అయితే ఈ అలవాటు రాతలోనే కాదు, ఇంట్లోనూ ఉందని ఆ రాత్రి తెలిసింది. "నిన్న మేం చేపల పులుసు చేసుకున్నాం" అని బడిలో తోటి టీచర్లకు చెప్తాం. చేపలు కొన్నది మేము. పొలుసు తీసింది, కడిగింది, కారం నూరింది, వండింది, వడ్డించింది ఆవిడ. తిన్నది మాత్రం నిజంగానే మేము.

మన తెలుగులో మేము అని, మనం అని రెండు మాటలున్నాయి. ఎదుటివాళ్లను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషుకూ హిందీకీ ఈ తేడా లేదు, వాటికి ఒక్క మాటే. తరగతిలో ఈ సంగతి గర్వంగా చెప్తాం. ఇంటికి వచ్చేసరికి ఈ మాటలకు ఏ వ్యాకరణంలోనూ లేని అర్థాలు పుడతాయి. "మనం ఇవాళ నీళ్లు పట్టలేదే" అంటే నువ్వు పట్టలేదని. "మనింట్లో ఉప్పుకు కరువు లేదు" అంటే కూరలో ఉప్పు ఎక్కువైందని. పిల్లవాడికి మార్కులు తక్కువొస్తే "నీ కొడుకు", ఎక్కువొస్తే "నా కొడుకు". మొత్తం మీద మంచి జరిగితే నేను, చెడు జరిగితే నువ్వు, పని ఉంటే మనం. మనిషి స్వభావం తెలుసుకోవడానికి పెద్ద గ్రంథాలు అక్కర్లేదు. ఏ ఇంటి గోడ పక్కనైనా నిలబడి ఈ మూడు మాటలు ఎప్పుడెప్పుడు వాడుతున్నారో వింటే చాలు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. అసలు ప్రశ్న మాత్రం నవ్వులో పోయేది కాదు. ఇంట్లో నలుగురు సంతోషంగా ఉన్నారంటే, ఆ సంతోషాన్ని వండుతున్నది ఎవరు? వండినవాళ్లకు అందులో వాటా ఎంత? వాటా లేకపోతే దాన్ని ఇంటి సంతోషం అనవచ్చా?

మన ఆదివాసుల్లో ఈ ప్రశ్న ఎత్తితే మొదట వచ్చే జవాబు ఒకటుంది. "అది మైదానం వాళ్ల గొడవ. మనలో ఆడా మగా సమానమే" అంటాం. సభల్లో మేమూ అన్నాం, చప్పట్లు కూడా కొట్టించుకున్నాం. ఇందులో నిజం లేకపోలేదు. మనలో మొగుడు పోయిన మనిషిని మూల కూర్చోబెట్టే ఆచారం లేదు, మారుమనువు తప్పు కాదు. కాపురం కుదరకపోతే పెద్దల ముందు చెప్పి విడిపోవచ్చు. పెళ్లికి ఓలి ఇచ్చేది మగపిల్లవాడి వైపు వాళ్లు. పొలంలో, అడవిలో, సంతలో ఆడమనిషి మగవాడితో సమానంగా నడుస్తుంది, చాలాసార్లు ముందే నడుస్తుంది.

మా చిన్నప్పటి ఇప్పపువ్వు రోజులు గుర్తు చేసుకుంటాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రంతా పువ్వు రాలుతుంది. పశువులు, జింకలు తినకముందే ఏరుకోవాలి. అందుకని ఇంకా చీకటి ఉండగానే అమ్మా నాయనా మేమూ బుట్టలు పట్టుకుని బయలుదేరేవాళ్లం. చెట్టు కింద అమ్మ ఎంత వంగేదో నాయనా అంతే వంగేవాడు. అక్కడ ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు. ఎండెక్కాక అందరం కలిసే ఇంటికి వచ్చేవాళ్లం. నాయన మంచం వాల్చుకుని చుట్ట ముట్టించేవాడు. అమ్మ పొయ్యి ముట్టించేది. అగ్గిపెట్టె ఒకటే. సమానత్వం చెట్టు కింద నుంచి గుమ్మం దాకా బాగానే నడిచి వచ్చేది. గుమ్మం దగ్గర మాత్రం దానికి తల తగిలేది. తాటాకు ఇంటి చూరు కాస్త కిందికే ఉంటుంది కదా.

ఓలి గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. దాన్ని మరీ పొగడటం కూడా మంచిది కాదు. ఓలి ఆ పిల్ల చేతికి రాదు, పిల్ల తరపు వాళ్లకు పోతుంది. అయినా అందులో ఒక ఒప్పుకోలు ఉంది. "మీ ఇంట్లో పనిచేసే రెండు చేతుల్ని మేం తీసుకుపోతున్నాం, మీకు నష్టం" అని మగపిల్లవాడి వైపు వాళ్లు పదిమందిలో ఒప్పుకోవడం అది. ఆడమనిషి కష్టానికి విలువ ఉందని తెలిసిన సమాజం కట్టుకున్న మాట. ఇప్పుడు మనలో ఉద్యోగాలు వచ్చిన ఇళ్లలో కట్నం మెల్లగా అడుగుపెడుతోంది. కట్నం అని అనరు, "పిల్లకు పెట్టుకునేది" అంటారు, "బండి" అంటారు. ఓలి రోజుల్లో మనిషిని తీసుకుపోతూ ఎంతో కొంత ఇచ్చేవాళ్లు. ఇప్పుడు మనిషినీ ఇచ్చి, తీసుకుపోయినందుకు కిరాయి కూడా మనమే ఇస్తున్నాం. చదువుకున్నాక మన లెక్కలు ఇలా తయారయ్యాయి.

ఇది ఎవరికో చెప్పే నీతి కాదు. మా చుట్టాల్లో ఒక పిల్లవాడికి ఉద్యోగం వచ్చింది. సంబంధం మాట్లాడేటప్పుడు, చదువుకున్నవాళ్లం కదా అని పెద్దల పక్కన మాకూ చాప వేశారు. బండి మాట వచ్చింది. పిల్ల తండ్రి మా వైపు చూశాడు. పంతులు ఏమైనా అంటాడేమో అని. మేము గోడకున్న క్యాలెండర్ వైపు చూశాం. ఆరోజు తేదీ ఎంతో అందరికీ తెలుసు, అయినా చాలా శ్రద్ధగా చూశాం. ఇక్కడ "మేము" అనే మాట వెనక దాక్కోవడం కుదరదు. ఆ చాప మీద మాతో పాటు ఇంకెవరూ లేరు.

మా ఇంటి సంగతికి వద్దాం. 2000లో వచ్చిన జీవో 3 వల్ల ఏజెన్సీ బడుల్లో టీచర్ ఉద్యోగాలు స్థానిక ఆదివాసులకే దక్కాయి. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, ఆ బాధ వేరే రాసుకోవాలి. ఆ రోజుల్లో టీచర్ ట్రైనింగ్ చేసి ఉద్యోగం తెచ్చుకున్న వాళ్లలో మేమూ ఉన్నాం. తాటాకు ఇల్లు స్లాబు ఇల్లయింది. గ్యాస్ వచ్చింది, మిక్సీ వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది. మా అమ్మ ఇంట్లో నిన్నటి కూర తింటే పేదరికం. ఫ్రిజ్ వచ్చాక అదే నిన్నటి కూర తినడం నాగరికత అయింది.

వస్తువు వచ్చిన ప్రతిసారీ ఇక సంతోషమే అనుకున్నాం. సంతోషం జీతం లాంటిదని తర్వాత తెలిసింది. వచ్చినరోజు కళ్లముందే ఉంటుంది, పదో తారీఖుకు ఎటు పోయిందో ఇద్దరూ ఒకరినొకరు అడుగుతారు. ఊళ్లో ఎవరికీ బండి లేనప్పుడు సైకిల్ మీద మహారాజులా తిరిగాం. పక్కింటాయన బండి కొన్న రోజే మా సైకిల్ చైను చప్పుడు చేయడం మొదలుపెట్టింది. అంతకుముందూ చేసేదే, మాకు వినపడేది కాదు. మనిషి తనకు లేనిదాన్ని పక్కవాడి ఇంట్లో చూసి గుర్తిస్తాడు. తనకున్నదాన్ని మాత్రం పోయినరోజే గుర్తిస్తాడు.

ఆ సంగతి 2022 జులైలో గోదావరి నేర్పింది. భద్రాచలం దగ్గర నీళ్లు 71.3 అడుగులకు చేరాయి. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత నీళ్లు చూడటం అదే. పల్లపు గూడేల నుంచి మనుషులు, మూటలు, కోళ్లు, కుక్కలు ఎత్తు మీదున్న బడికి చేరారు. తరగతి గదుల్లో కాపురాలు పెట్టారు. ఒక గదిలో ఐదారు కుటుంబాలు, మధ్యలో అడ్డంగా కట్టిన చీరలు. తలుపుల్లేని కాపురం ఎలా ఉంటుందో అప్పుడు చూశాం. మొదటి రోజు అందరూ మర్యాదగా గుసగుసలాడారు. రెండో రోజుకు ఎవరి పోట్లాట ఏమిటో గదంతటికీ తెలిసిపోయింది. తెలిశాక ఆశ్చర్యం ఏమిటంటే, అన్ని ఇళ్ల పోట్లాటా ఒకటే. "చెప్తే వినవు." "ఎప్పుడు చెప్పావు?" ఎవరి ఇంటి గొడవ వాళ్లు ప్రపంచంలో తమకొక్కరికే ఉందనుకుని ఇన్నాళ్లూ దాచుకున్నారు. చీర అవతల నుంచి అదే గొడవ వినపడేసరికి కొంతమంది తమది ఆపేసి నవ్వుకున్నారు.

అసలు చూడవలసింది వంట దగ్గర చూశాం. అంతమందికి వండాలి కదా. బడి వెనక రాళ్ల పొయ్యిలు పెట్టి గుండిగలు ఎక్కించారు. వండింది ఎవరు? మగవాళ్లు. ఇంట్లో పొయ్యి దగ్గరకు పోతే పరువు పోతుందనుకునే మనుషులు లుంగీలు బిగించి బియ్యం కడిగారు, గంజి వార్చారు, ఉల్లిపాయలు కోసి కళ్లు తుడుచుకున్నారు. నిజానికి ఇది కొత్తేమీ కాదు. పెళ్లిళ్లలో, పండుగల్లో మేకను కోసి పెద్ద వంట చేసేది మనలో మగవాళ్లే. వందమందికి వండే చేతికి నలుగురికి వండటం రాదంటే నమ్మేదెలా?

చాలా ఆలోచించాక మాకు తోచింది ఇదీ. పెద్ద వంట పదిమంది చూస్తుండగా జరుగుతుంది. తిన్నవాళ్లు పేరు చెప్తారు. ఏడాదికి నాలుగైదుసార్లే వస్తుంది. ఇంటి వంట ఎవరూ చూడరు, రోజుకు రెండుసార్లు వస్తుంది, బాగుంటే ఎవరూ మాట్లాడరు, బాగాలేకపోతేనే మాట్లాడతారు. కాబట్టి పని బరువును బట్టి ఆడపని, మగపని అని పంచుకోలేదు. మెచ్చుకోలు ఉన్నచోట మగవాడు నిలబడ్డాడు. మెచ్చుకోలు లేనిచోట ఆడదాన్ని నిలబెట్టాడు. ఇది ఆదివాసీ గుణమూ కాదు, మైదానం గుణమూ కాదు. మనిషి గుణం.

ఆ నాలుగు రోజులు ఆడవాళ్లు వరండాలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఇళ్లు నీళ్లలో ఉన్నాయి, గింజలు తడిసిపోయాయి, దుఃఖం తక్కువేమీ కాదు. అయినా ఒక ముసలామె అన్న మాట మాకు ఇప్పటికీ వినపడుతుంది. "ఊరుని ముంచితే ముంచింది గానీ, నన్ను కూచోబెట్టి అన్నం పెట్టింది ఈ గోదారే అయ్యా" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, మేమూ నవ్వాం. ఆడమనిషి కూర్చుని తినడానికి 71 అడుగుల నీళ్లు రావాలా అన్న ప్రశ్న మాత్రం అప్పుడు మాకు తట్టలేదు. ఐదో తరగతి పిల్ల రాశాకే తట్టింది. నీళ్లు తీశాక ఏం జరిగిందో కూడా చెప్పాలి. మగవాళ్లు పరిహారం జాబితాల కోసం తిరిగారు. ఇళ్లలో మోకాలి లోతు బురద ఎత్తింది ఆడవాళ్లు. గుండిగలు మళ్లీ పండుగ దాకా బోర్లించారు.

ఇక్కడ ఒకరు అడ్డం రావచ్చు. "సంతోషం మనసులో ఉంటుంది సారూ. తృప్తి ఉంటే చాలు. మా ఆవిడకు ఏమీ అక్కర్లేదు, ఉన్నదాంతో సర్దుకుంటుంది, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది" అని. ఈ మాట మేమూ చాలాసార్లు అన్నాం. ఇదే మాట ఇంకెక్కడ విన్నామా అని ఆలోచిస్తే గుర్తొచ్చింది. బయటి నుంచి వచ్చే పెద్దమనుషులు మన సభల్లో దండ వేయించుకుని అంటారు చూడండి: "అడవి బిడ్డలు అమాయకులు, కల్లాకపటం తెలియదు, ఉన్నదాంతో ఎంతో సంతోషంగా ఉంటారు!" ఆ మాటకు మనకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుంది? పొగడ్తే కదా. మండేది ఎందుకంటే, ఆ మాట తర్వాత రోడ్డు అడగడానికి లేదు, డాక్టర్‌ను అడగడానికి లేదు. సంతోషంగా ఉన్నవాళ్లకు ఇంకా ఏం కావాలి? మన సంతోషం వాళ్లకు సాకు. సరిగ్గా అదే దండ మనం ఇంటికి తెచ్చి ఆడవాళ్ల మెడలో వేస్తున్నాం. బయటివాడు మనతో ఏ మాట అంటే మనకు అన్యాయం అనిపిస్తుందో, ఆ మాటే మనం ఇంట్లో అంటే న్యాయం ఎలా అవుతుంది?

తృప్తి గొప్ప గుణమే. కాకపోతే తన గురించి తాను చెప్పుకుంటేనే అది గుణం. ఎదుటివాళ్లకు బోధిస్తే అది పొదుపు, మన జేబుకు.

మనకు బాగా తెలిసిన హైమండార్ఫ్ గారి సంగతే చూడండి. 1940లలో ఆయన ఆదిలాబాద్ అడవుల్లో మార్లవాయి గూడెంలో ఉండి గోండుల గురించి పనిచేశారు. ఆయన పేరు మన బడుల్లో చెప్తాం, బొమ్మ పెడతాం, పెట్టాలి కూడా. ఆ గూడెంలో ఆయనతో పాటు కాపురం ఉన్నది ఆయన భార్య ఎలిజబెత్, బెట్టీ అనేవారు. ఆయన పనిలో ఆమె తోడుంది. 1979లో వచ్చిన గోండుల పుస్తకం మీద ఆమె పేరూ ఉంది. 1987లో ఆమె చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఒకసారి తోటి టీచర్లను అడిగాం, హైమండార్ఫ్ ఎవరని. అందరూ చెప్పారు. ఆయన భార్య పేరు అడిగితే ఒక్కరే చెప్పగలిగారు. అడిగేముందు మేము కూడా పుస్తకం తెరిచి చూసుకునే వెళ్లాం. వియన్నా నుంచి వచ్చినవాడి ఇంట్లోనైనా, మన గూడెంలోనైనా చూసే కళ్లు మనవే కదా.

సరే, తెలిసింది కదా, మారుదాం అనుకున్నాం. మారడం ఎంత కష్టమో చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది.

మొదట చేసిన తప్పు, పని మొదలుపెట్టకముందే ప్రకటించడం. "ఆదివారం వంట మాది" అన్నాం. ఇల్లంతా పండుగలా చూసింది. ఆదివారం పొయ్యి దగ్గర నిలబడ్డాక మొదటి ప్రశ్న, "ఉప్పెక్కడుంది?" తర్వాత, "పసుపెక్కడుంది?" తర్వాత, "నీళ్లు ఎన్ని పోయాలి?" ఏడో ప్రశ్నకు ఆమె లేచి వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా మేం ఉంటున్న ఇంట్లో ఉప్పు ఎక్కడుందో మాకు తెలియదు. ఆమె అంగన్‌వాడీకి పోయి పాతికమంది పిల్లల్ని చూసుకుని, వాళ్లకు వండి పెట్టించి, రికార్డులు రాసి, ఇంటికొచ్చి ఇదంతా చేస్తుంది. మేం మాత్రం ఇంట్లో అతిథిలా ఉన్నాం. అదీ ఎన్నాళ్లయినా పోని అతిథి.

రెండో తప్పు మాటలో ఉంది. "మా ఆవిడకు ఇంటి పనిలో సాయం చేస్తున్నాం" అని నలుగురికీ చెప్పాం. ఆమె ఒకరోజు నెమ్మదిగా, "సాయం ఎవరి పనికి చేస్తారు బావా? పరాయివాళ్ల పనికి కదా" అంది. జవాబు రాలేదు. పొలం ఇద్దరిదీ అయితే దున్నడానికి వెళ్లినవాడు సాయానికి వెళ్లాననడు.

మూడో చిక్కు మా అమ్మ. అమ్మ గూడెంలోనే ఉంటుంది, అప్పుడప్పుడు వస్తుంది. మాది మేనరికం, మా ఇంటావిడకు మా అమ్మ మేనత్త. అయినా కొడుకు గిన్నెలు తోమడం కళ్లారా చూసేసరికి మేనత్త పోయి అత్త మిగిలింది. "ఏమే, ఉద్యోగం చేసే మగోడి చేత గిన్నెలు తోమిస్తావా? ఊళ్లో తెలిస్తే ఏమనుకుంటారు?" అంది. "నాకూ ఉద్యోగమే కదత్తా" అని ఆమె అనలేదు, పెదవి దాకా వచ్చింది. మేము ఎటూ మాట్లాడలేక గిన్నెను అవసరానికి మించి తోమాం.

అమ్మ మీద కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ ఆమెకు ఆ మాట నేర్పింది ఆమె జీవితం. తాను మోసిన బరువుకు అర్థం ఉందని నమ్ముకుని ఆమె బతికింది. కోడలు మోయనక్కర్లేదంటే, తాను మోసిందంతా ఊరికే మోసినట్టవుతుంది. ఏ మనిషి అయినా అంత తేలికగా ఒప్పుకుంటాడా?

ఆ రాత్రి అమ్మ పక్కన మంచం వేసుకుని పడుకున్నాం. చాలాసేపటి తర్వాత, నిద్రపోయిందనుకున్న మనిషి అంది: "మీ నాయన ఒకసారి నా నెత్తి మీది బిందె దించాడురా. నువ్వు కడుపులో ఉన్నావు, నాకు జ్వరం. చెలమ నుంచి వస్తుంటే ఎదురొచ్చి దించాడు. ఇంటి దాకా తనే మోశాడు." అంతే, అటు తిరిగి పడుకుంది. నలభై ఏళ్లకు పైగా అయింది ఆ సంగతి జరిగి. కాపురం మొత్తంలో ఒక్క బిందె. దాన్ని ఆమె ఇన్నేళ్లు దాచుకుంది. ఆ ఒక్క బిందెకే అంత సంతోషం ఉంటే, నాయన ఇంకో పది బిందెలు మోసి ఉంటే ఏం పోయేది? ఆయన చెడ్డవాడు కాదు, కష్టపడి బతికిన మనిషి. ఎవరూ ఆయన్ని ఐదో తరగతిలో ఆ ప్రశ్న అడగలేదు, అంతే.

అప్పటి నుంచి మాకు సుఖానికీ సంతోషానికీ తేడా కాస్త తెలుస్తోంది. సుఖాన్ని ఇంకొకరి దగ్గర నుంచి తీసుకోవచ్చు. ఆమె నిలబడితే మనం కూర్చోవచ్చు, ఆమె ముందే లేస్తే మనం ఇంకో గంట పడుకోవచ్చు. సంతోషాన్ని అలా తీసుకోలేం. ఎదుటి మనిషికి లేని సంతోషాన్ని ఆమె మనకు వడ్డించలేదు. నవ్వు వడ్డిస్తుంది, అది వేరు. కాబట్టి ఇంట్లో ఒక్కరి అలసట మీద మిగతావాళ్లు బతుకుతుంటే, ఆ ఇంట్లో సుఖం ఉంటుంది, సంతోషం ఉందని మాత్రం అనుకుంటారు.

ఒక యువ టీచర్ మాతో వాదించాడు. "ఇంట్లో కూడా లెక్కలేనా సార్? లెక్క వేస్తే ప్రేమ పోతుంది." మంచి ప్రశ్నే. తునికాకు కల్లంలో చూశాం కదా. యాభై ఆకులకు ఒక కట్ట. ఎన్ని కట్టలో లెక్కపెట్టి రాయించుకుంటేనే డబ్బు. "మన మధ్య లెక్కలెందుకు, నేను చూసుకుంటాగా" అని ఒకప్పుడు మన తాతలతో అన్నది షావుకారు. ఎంత ప్రేమగా అనేవాడు! లెక్క వద్దన్న ప్రతిచోటా, లెక్క లేకపోవడం వల్ల ఎవరికి లాభమో ముందు చూడాలి. లెక్క ప్రేమను చంపదు. ఇద్దరూ ఎంతెంత మోస్తున్నారో తెలిశాక, ఒకరోజు ఒకరు ఎక్కువ మోస్తే అప్పుడు దాన్ని ప్రేమ అనవచ్చు. తెలియకుండా మోయిస్తే అది వెట్టి. వెట్టి అంటే ఏమిటో మనకు ఇంకొకరు చెప్పాలా?

మాది ఇంకా ఆదర్శ కాపురం ఏమీ కాలేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలిసింది. ఉదయం జావ మాదే, ఒకరోజు పలచన, ఒకరోజు గట్టి. మా అబ్బాయి తన కంచం తాను కడుగుతున్నాడు, మూడుసార్లు చెప్పాక. ఆ పిల్ల తండ్రి వైపు చూడకుండా క్యాలెండర్ చూసిన పాపం మాత్రం ఇంకా అలాగే ఉంది. ఈసారి అలాంటి చాప వేస్తే మాట్లాడతామని ఇక్కడ రాస్తున్నాం, రాసింది నలుగురూ చదువుతారు కాబట్టి తప్పించుకోవడం కష్టం.

తోటి టీచర్లకు ఒక్క మనవి. మీ తరగతిలో కూడా ఒకరోజు పిల్లల్ని అడగండి, మీ ఇంట్లో చివర ఎవరు తింటారు అని. పలకలు చూశాక ఇంటికెళ్లి తలెత్తి చూడండి. పెళ్లి కావలసిన కుర్రాళ్లకు ఇంకో మాట. బండి ధర అడిగేముందు మీ ఇంట్లో ఉప్పు ఎక్కడుందో తెలుసుకోండి.

మొన్న రాత్రి నలుగురం కింద కూర్చున్నాం. మేం వడ్డించాం. అందరికీ పెట్టి కూర్చోబోతుంటే నీళ్లు మర్చిపోయామని గుర్తొచ్చింది. మేం కదిలేలోపే మా ఇంటావిడ అలవాటుగా లేవబోయింది. ఇంటర్ చదివే మా అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని, "కూచో అమ్మా, నాయన తెస్తాడు" అంది.

వెళ్లి తెచ్చాం. ఇక్కడ మేము అంటే ఒక్కడే. తిరిగొచ్చి కూర్చున్నాక మాత్రం, మనం.